మూడు విడు, ఒకటి కొట్టు

కుందుర్పి బళ్ళో పొద్దుటి ప్రార్థన ఇంకా పూర్తి కాలేదు, ధర్మవరం నుంచి చీరలు నేసే నాగన్న ఫోను చేశాడు.

"యాడుండావమ్మా? అట్టలు మగ్గానికి ఎక్కించినా. నువ్వొచ్చినంక మొదలుపెట్టల్లని కూర్చోనుండా. తొందరగా రా, నాకు చేతులు ఊరుకోవడం లే."

"ముట్టుకోవద్దన్నా. వస్తాండా."

సెలవు చీటీ రాసిస్తే హెడ్మాస్టరు సారు అద్దాల పైనుంచి చూశారు. "పెళ్ళికి మిగుల్చుకోమ్మా సెలవులు. ఇప్పుడే అన్నీ వాడేస్తే ఎట్ల?" ఆ మాట పూర్తయ్యేలోపే నేను గేటు దాటేశాను. డ్రాయింగు టీచరు ఒక పూట లేకపోతే పిల్లలు సంతోషిస్తారు తప్ప ఏడవరు. కళ్యాణదుర్గం బస్సు దొరికింది. ఎక్కి కూర్చుని ముందు సీట్లు చూశాను. మూడు ఖాళీ, నాలుగో దాంట్లో మనిషి. మళ్ళీ రెండు ఖాళీ, ఆ తరువాత ఇద్దరు. నా పెదాలు వాటంతట అవే కదిలాయి. మూడు విడు, ఒకటి కొట్టు, రెండు విడు, రెండు కొట్టు.

ఇది నా అలవాటు కాదు, అట్టల తాత అంటించిపోయింది.

ఆయన ధర్మవరంలో పట్టుచీరల డిజైనులకు అట్టలు కొట్టేవాడు. మగ్గం నెత్తిన జకార్డు అని ఒక పెట్టె ఉంటుంది. చీర మీద ఏ బొమ్మ రావాలో ఆ పెట్టెకు చెప్పేవి ఈ అట్టలే. జానెడు పొడవు, మూడు వేళ్ళ వెడల్పు, ఒంటి నిండా చిల్లులు. బొమ్మలో ఒక్కో వరుసకు ఒక్కో అట్ట. చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట ఊరుకుంటుంది. అట్టలన్నిటినీ వరుస తప్పకుండా దారంతో కుట్టి గొలుసులా వేలాడదీస్తారు. గ్రాఫు కాగితం మీద గడులు చూసుకుంటూ ఆయన చిల్లులు కొట్టేవాడు. ఖాళీ గడికి "విడు", నిండిన గడికి "కొట్టు". నలభై ఏళ్ళు ఆ రెండు మాటలే అనుకుంటూ గడిపాడేమో, పని లేనప్పుడు కూడా నోరు ఆగేది కాదు. కిటికీ ఊచలు, ఎదురింటి పెంకులు, ఆఖరికి పళ్ళూడిన వాళ్ళ నవ్వు, అన్నీ ఆయనకు గడులే. ఒకసారి వాళ్ళ వీధిలో ఒకామె ఎంతో ముచ్చటపడి కట్టించుకున్న పళ్ళు చూపిస్తే, "ఇప్పుడు అన్నీ కొట్టే" అన్నాడు. ఆమె వారం రోజులు మాట్లాడలేదట.

ఊళ్ళో అందరూ అట్టల తాత అనేవారు. నాకు ఆయన పేరు తెలుసు. అన్ని వేల అట్టలు కొట్టి ఒక్కదాని మీద కూడా తన పేరు రాసుకోలేదు. నేనెందుకు రాయాలి?

ఎనిమిదేళ్ళ కిందట అనంతపురంలో ఫైన్ ఆర్ట్స్ ఆఖరి ఏడు చదువుతున్నాను. చేత్తో మడత పుస్తకం చేసి ప్రదర్శనలో పెట్టాలి. దానికి కుట్టు ఉండదు, వీపు ఉండదు. పొడవాటి కాగితాన్ని ఇటూ అటూ మడుచుకుంటూ పోతే అదే పుస్తకం. ఇంతేనా అనుకున్నాను. చేతిలో కత్తెర ఉంటే లోకమంతా నాదే అనుకునే వయసు అది. మొదటిది మూయబోతే నోరు తెరుచుకునే ఉంది. రెండోది మడత మడతకీ చిట్లింది. మూడోదాన్ని మా మేడం రెండు వేళ్ళతో ఎత్తి, "దీన్ని ఎండాకాలానికి దాచుకో, విసురుకోవడానికి పనికొస్తుంది" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను కానీ హాస్టలుకు పోయి ఏడ్చాను.

ఆ ఆదివారం రాప్తాడు పోతే నాయన చీరలు తేవడానికి ధర్మవరం బయలుదేరుతున్నాడు. మాది చిన్న బట్టల అంగడి. మొహం వేలాడేసుకుని నేనూ వెంటపడ్డాను. నాగన్నను మొదటిసారి చూసింది ఆ రోజే. నాయన ఆయనతో బేరమాడుతుంటే నేను తలెత్తి మగ్గం పైకి చూశాను. ఒక్కసారి తొక్కితే ఒక అట్ట ముందుకొచ్చి, పని చెప్పి, దిగిపోయి, కింద అటొకటి ఇటొకటిగా దానంతట అదే మడతపడి కూర్చుంటోంది. ఒక్కటీ చిట్లలేదు, ఒక్కటీ నోరు తెరవలేదు.

"నాయనా, పుస్తకం" అన్నాను.

"యాడే?"

నేను పైకి చూపించాను. నాయన పైకి చూసి, నన్ను చూసి, నాగన్నతో, "బొమ్మల చదువు చదువుతాండాది లేప్పా" అన్నాడు, అదేదో జబ్బైనట్టు. నాగన్న నవ్వి, రెండు వీధుల అవతల ఉన్న తాత ఇంటికి దారి చెప్పాడు.

పోయేసరికి ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. ముందర చిల్లుల ఇనుప పలక, చేతిలో సుత్తి. గది నిండా కంది గింజంత కాగితపు బిళ్ళలు. కొట్టిన చిల్లుల్లోంచి రాలినవి. తల మీద, భుజాల మీద, కనుబొమల మీద కూడా ఉన్నాయి. చొక్కా జేబులో వేయించిన శనక్కాయలు. నేను ఎవరి బిడ్డనని అడగలేదు, ఏం పనని అడగలేదు.

"ఏ ఊరు?"

"రాప్తాడు."

"ఆడ ఊడలు దిగినాయా?"

వేరుశనగ పువ్వు రాలాక సన్నటి ఊడ భూమిలోకి దిగుతుంది. దాని కొసనే కాయ పడుతుంది. ఆ సమయానికి తడి లేకపోతే ఏడాది కష్టమంతా పోయినట్టే. గదిలోకి ఎవరొచ్చినా ఆయన మొదటి ప్రశ్న అదే. కరెంటు బిల్లు ఇచ్చే మనిషినీ అదే అడిగేవాడు. నేను బట్టల అంగడి పిల్లను, నాకేం తెలుసు? తెలియదన్నాను. ఆయన నన్ను అప్పుడే చదువురాని దాని కింద జమకట్టేశాడు.

నా విసనకర్ర తీసి ముందర పెట్టాను. ఆయన దాన్ని విప్పలేదు. ఒక మూల కొంచెం చించి, వేలు నాలుకకు అద్దుకుని ఆ ముక్కను తడిపాడు. ముక్క మెల్లగా చుట్ట చుట్టుకుంది.

"చూడు, యా పక్కకు చుట్టుకున్యాదో. కాగితానికీ పడుగు ఉంటాది పాపా, గుడ్డకున్నట్లే. నువ్వు పడుగును అడ్డంగా ఇరిచినావు. నొప్పి పెడితే నోరు తెరవదా మరి?"

మూడేళ్ళు కళ చదివాను, కాగితానికి పోగు దారి ఉంటుందని తెలియదు. ఆ ముక్కను పట్టుకుని గదిలోనే గెంతాను. నేలమీది బిళ్ళలన్నీ లేచాయి. ఆయన సుత్తి పక్కన పెట్టి, "మెల్లగా మే. వినాయక చవితికి పిల్లోళ్ళు పూలని చల్లుకుంటారు అయ్యి, తొక్కొద్దు" అన్నాడు.

ఆ తరువాత ప్రతి ఆదివారం పోయాను. నా పుస్తకం కాగితంతో కాదు, అట్టలతోనే చేయాలని పట్టుబట్టాను. అప్పటికే అట్టలు అక్కర్లేని కంప్యూటరు పెట్టెలొచ్చి ఆయనకు పని తగ్గిపోయింది. ఒకసారి ఆ పెట్టెను చూడటానికి పోయి, చుట్టూ తిరిగి, "అంతా బాగుండాది గానీ, చిల్లు యాడుండాదప్పా?" అని అడిగి వాళ్ళను నవ్వించి వచ్చాడు. వీధి మొదట్లోంచి వినిపించే సుత్తి చప్పుడు ఆ ఏడు సగం రోజులే వినిపించేది. ఒకనాడు అటక మీద నుంచి గోనెసంచిలో కట్టిన కట్ట దించాడు.

"ఇయ్యి తీసకపో. రెండు వందల నాలుగు ఉండాయి. ఎవరూ నెయ్యలేదు."

"ఎందుకు?"

"ఇది నేనే గీసిన బొమ్మ. మిగతావన్నీ వాళ్ళు చెప్పినవి. నెమలి, హంస, మామిడిపిందె, లేపాక్షి కంబాల మీది తీగ. ఇదొక్కటే నాది. షావుకారుకు గ్రాఫు చూపిస్తే, 'యే పెండ్లికూతురు కట్టుకుంటాది దీన్ని? పెండ్లికొచ్చినోళ్ళు నవ్విపోతారు' అన్యాడు. ఇంకో ఇద్దరికి చూపిచ్చినా. వాళ్ళూ అదే అన్యారు."

"ఏం బొమ్మ తాతా?"

"నేసినప్పుడు చూస్తువులే."

గ్రాఫు కాగితం చెదలు తినేసింది. ఆ బొమ్మ ఇక ఉన్నదంతా ఈ అట్టల్లోనే. ఆ మాట ఆయన నాకు చెప్పాడు. నేను విన్నాను కూడా. కానీ నా చెవులు అప్పుడు నావి కావు. ప్రదర్శనకు పది రోజులే ఉంది.

నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. గొలుసు విప్పాను. అట్టలను నేలంతా పరిచి అందం చూసుకున్నాను. చిల్లులు తక్కువ ఉన్నవి మొదట, పోను పోను ఎక్కువ, నడుమ దట్టం, మళ్ళీ పల్చన. చినుకులు మొదలై, వాన పెరిగి, వెలిసినట్టు. ఆ వరుసలో మళ్ళీ కుట్టాను. అంచుల్లో నీలం సిరాతో ఏవో అంకెలు అసహ్యంగా కనిపించాయి. వాటి మీద నల్లరంగు దట్టంగా పూశాను. మొదటి అట్ట మీద బొమ్మ పేరులాంటిది కూడా ఉంది. చదవకుండానే పూశాను.

ప్రదర్శన రోజు పుస్తకాన్ని విప్పితే హాలు ఈ కొస నుంచి ఆ కొస దాకా వచ్చింది. కిటికీ ఎండ చిల్లుల్లోంచి నేలమీద పడి హాలంతా చుక్కలు. మా మేడం రెండుసార్లు ఆ కొస నుంచి ఈ కొసకు నడిచి, నా వీపు తట్టారు. నేను నేల మీద లేను.

మధ్యాహ్నం తాత వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో మామూలుగానే శనక్కాయలు. చెప్పులు గుమ్మం బయట విడిచాడు. కంటికి పొర వచ్చి సరిగా ఆనదు, అందుకని ఒక కొస నుంచి వేళ్ళతో తడుముతూ నడిచాడు. "ఐదు విడు, రెండు కొట్టు." రెండో అట్ట. మూడో అట్ట. నోరు ఆగిపోయింది. వెనక్కు వచ్చి అంచు తడిమాడు. వేలితో నల్లరంగును గీకాడు.

"అంకెలేవి పాపా?"

నాకు అప్పుడు అర్థమైంది. అవి అట్టల వరుస అంకెలు.

"పుస్తకం బాగుండాది" అన్నాడు ఆయన. "బొమ్మే చచ్చిపోయింది."

కోపం లేదు ఆ మాటలో. అరిచి ఉంటే బాగుండేది. గుమ్మం దగ్గర కూర్చుని చెప్పులు తొడుక్కుంటూ ఉంటే పోయి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఒక అట్ట గీకి చూశాను, రంగుతో పాటు సిరా కూడా లేచి వచ్చేసింది. ఆయన జేబులోంచి కాయ తీసి బొటనవేలితో చిట్లించి, ఒక పప్పు నా చేతిలో పెట్టాడు.

"ఏడిస్తే వరస వస్తాదా? ఆదివారం కట్ట ఎత్తుకొని రా. సాయంత్రం దాకా ఉండేటట్ల రా."

తొమ్మిది ఆదివారాలు పట్టింది. నా జీవితంలో అంత బాగా గడిచిన రోజులు మళ్ళీ రాలేదని చెప్పగలను. మార్కులు వచ్చేశాయి, చదువు అయిపోయింది, అయినా పోతూనే ఉన్నాను. ఆయన కళ్ళు మూసుకుని ఒక అట్ట మీద ఎడమచెయ్యి, ఇంకో అట్ట మీద కుడిచెయ్యి పెట్టేవాడు. పక్కపక్క వరుసలైతే చిల్లులు దాదాపు ఒకే చోట ఉంటాయి, ఒకటో రెండో జరుగుతాయి. "ఇది దాని చెల్లెలు" అంటే వరుస కలిసినట్టు. "ఇది వేరే ఊరిది" అంటే పక్కన పెట్టాలి. నేను కుట్టేదాన్ని. ఇరవై అట్టలు వరుసగా కలిసిన రోజు ఇద్దరం లేచి నిలబడ్డాం, ఎందుకో తెలియదు. అరవై కలిసిన రోజు ఆయన హోటలు నుంచి ఉగ్గాని బజ్జీ తెప్పించాడు. వంద దాటాక నాకూ వేళ్ళు పలకడం మొదలైంది. నేను ఒక చెల్లెలిని కనిపెట్టాను. ఆయన తడిమి చూసి, "ఊఁ" అన్నాడు. మేడం వీపు తట్టినదాని కంటే ఆ "ఊఁ" పెద్దది.

ఆ పనిలోనే ఎప్పుడో అడిగాను, ఈ ఊళ్ళోకి ఎట్లా వచ్చావని. "మాది సేద్యమే. మూడేండ్లు వరసగా వాన ల్యాకపోతే మా నాయన మమ్మల్ని ఈడికి తెచ్చినాడు. నాకప్పుడు పదేండ్లు" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. నేనూ తవ్వలేదు.

ఆఖరికి రెండు అట్టలు మిగిలాయి. రెండింటికీ నాలుగేసి చిల్లులే. బొమ్మ పైకొసకు దగ్గర్లో రెండు జాగాలు ఖాళీ. ఏది ముందో, ఏది వెనకో ఆయన వేళ్ళు చెప్పలేకపోయాయి. అటు పెట్టి చూశాడు, ఇటు పెట్టి చూశాడు.

"ఏదో ఒకటి కుట్టు. తప్పయితే నేసేటప్పుడు బొమ్మే చెప్తాది."

"గ్రాఫు మీద గీసి చూస్తాను తాతా, ఒక గంట పని."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఎప్పుడూ పట్టుకోని మనిషి.

"వొద్దు. గ్రాఫు మీద చూసినోళ్ళే దీన్ని వొద్దన్యారు. చూస్తే గుడ్డ మీద చూడు. మాటియ్యి."

మాటిచ్చాను. ఆ తరువాత కుందుర్పిలో ఉద్యోగం వచ్చింది. పుస్తకం నా బీరువాలో కూర్చుంది. ధర్మవరం పోయినప్పుడల్లా కలిసేదాన్ని. "ఎవరన్నా నేస్తారులే" అనేవాడు, ఎప్పుడని అడగకుండా. నేనూ రేపు, ఎల్లుండి అనుకుంటూ ఎనిమిదేళ్ళు గడిపేశాను. ఉగాదికి ముందు ఆయన పోయాడు. నాకు నెల తరువాత తెలిసింది, అదీ నాగన్న మాటల్లో మాటగా చెబితే. ఆ రాత్రే బీరువా తీశానని చెబితే గొప్పగా ఉంటుంది కానీ, తియ్యలేకపోయాను. నాలుగు రోజులు దాని పక్కకు పోలేదు. ఐదోనాడు పుస్తకాన్ని గోనెసంచిలో చుట్టి నాగన్న దగ్గరకు పోయాను. పాత అట్టలు మగ్గం మీద నలుగుతాయని, వాటిని చూసి అదే వరుసలో కొత్త అట్టలు కొట్టించాడు. ఆ కొత్త గొలుసే ఇప్పుడు మగ్గానికి ఎక్కింది.

నేను పోయేసరికి నాగన్న మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని తయారుగా ఉన్నాడు. పక్కన ఆయన భార్య జరీ కండె పట్టుకుని కూర్చుంది. కుంకుమరంగు పడుగు.

"కానియ్యనా?"

నేను తల ఊపాను. మొదటి అట్ట వచ్చింది, దిగింది. రెండోది. పదోది వచ్చేసరికి గుడ్డ మీద జరీ చుక్కలు. ఇరవై, ముప్ఫై. చుక్కలు గుండ్రంగా అయ్యాయి, నడుములు సన్నబడ్డాయి.

"గజ్జెలా?" అన్నాడు నాగన్న.

"కూజాలు కావా?" అన్నాను.

ఆయన భార్య వంగి చూసింది. కండె పక్కన పెట్టింది. "శెనిక్కాయలు" అంది మెల్లగా. "ఊడలతోనే ఉండాయి చూడు."

నిజమే. ఒక్కో కాయ పైనుంచి సన్నటి జరీ ఊడ పైకి పోతోంది. ఊడలన్నీ ఒకచోట చేరాయి. నాగన్న తొక్కుడు తొందరైంది, నేను వద్దనలేదు. మొదలు వచ్చింది. కొమ్మలు విచ్చుకున్నాయి. నాలుగేసి ఆకులు, రెండు ఇటు, రెండు అటు. మగ్గం బొమ్మను కింది నుంచి పైకి నేస్తుంది. మా కళ్ళ ముందు ఎవరో భూమిలోంచి శనక్కాయ చెట్టును కాయలతో సహా మెల్లగా పీకుతున్నట్టే ఉంది. తడి మట్టిలో పదేళ్ళ పిల్లవాడి చేతులు పీకినట్టు. వాన లేక వదిలొచ్చిన చేలో ఊడలు దిగాయో లేదో ఆయన ఇన్నేళ్ళు అందరినీ అడుగుతూనే ఉన్నాడు. దిగాయి తాతా. ఈడ దిగాయి.

పైకొసకు వచ్చేసరికి ఆ రెండు అట్టలు వచ్చాయి. ఆకుల సందున చిన్న పువ్వు లేచింది కానీ దాని కాడ పక్కకు తెగి పడింది.

"పువ్వు ఇరిగింది" అన్నాడు నాగన్న. పోగులు విప్పాడు. పైకెక్కి రెండు అట్టలనూ అటుదిటు మార్చి కుట్టాడు. నా వేళ్ళు వాటంతట అవే గాలిలో చిల్లులు తడుముతున్నాయి. మళ్ళీ తొక్కాడు. ఒకటి. రెండు. కాడ అతికింది. పువ్వు నిలబడింది.

నేను ఏడుస్తూ నవ్వుతున్నాను, నాగన్న భార్య నా చెంప తన కొంగుతో తుడిచింది.

"ముసిలాయన ఘటికుడప్పా" అన్నాడు నాగన్న. "ఈ ముక్క కత్తిరించిస్తా, పటం కట్టించి పెట్టుకోమ్మా."

"వద్దన్నా. చీర మొత్తం నెయ్యి."

"చీరా?" ఆయన చెయ్యి ఆగింది. "పట్టు మీద శెనిక్కాయ చెట్లు. యే పెండ్లికూతురు కట్టుకుంటాదమ్మా?"

"నేను కట్టుకుంటా. కార్తీకంలో నా పెండ్లి."

నాగన్న తన భార్య వైపు చూశాడు. ఆమె అప్పటికే కండె చేతిలోకి తీసుకుంది.

"రైకగుడ్డకు కూడా పడుగు వదలల్ల, మర్చిపోయేవు" అంది మొగుడితో.

ఆయన తొక్కాడు. మొదటి అట్ట మళ్ళీ ముందుకొచ్చింది. కింద కొత్త కాయలు పడటం మొదలైంది.